ఆకాశం ఎర్రగా ఉండకూడదా?
ఆయిల్ కలర్స్‌తో ఎక్స్‌ప్రెషనిస్ట్ ల్యాండ్‌స్కేప్: పిల్లలతో కలిసి నేర్చుకోదగ్గ పాఠం



"ఒక ప్రకృతి దృశ్యం గీయండి" అని మన పిల్లల్లో ఎవరికి చెప్పినా కాగితం మీద వచ్చేది దాదాపు ఒకే బొమ్మ. రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కొండల్లోంచి దిగే నది, ఒడ్డున గుడిసె, పక్కనే కొబ్బరి చెట్టు, పైన నాలుగు పక్షులు. చిన్నప్పుడు మీరూ ఇదే గీసి ఉంటారు. నేనూ ఇదే గీశాను. అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో పెరుగుతున్న పాప కూడా గుడిసే గీస్తుంది. కొండ ఎప్పుడూ చూడని బాబు కూడా రెండు కొండలు గీస్తాడు. గైడ్‌లోని ఎస్సే బట్టీపట్టి రాసినట్టే ఇది కూడా బట్టీపట్టిన బొమ్మ.

నేను చెప్పేది ఇంగ్లిష్, డ్రాయింగ్ కాదు. అయినా ఈ నెల బొమ్మల గురించి రాయడానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం ఒక బొమ్మ విషయంలో నేను తప్పు చేశాను.

అప్పుడు నేను ఏడో తరగతికి క్లాస్ టీచర్‌ని. డిస్‌ప్లే బోర్డు కోసం "మా ఊరు" అనే అంశం మీద బొమ్మలు వేయమన్నాను. ఒక బాబు నేలంతా ఎరుపు వేశాడు. ఆకాశం కూడా ఎరుపే. మధ్యలో చిన్న నల్లటి మనిషి. "నేల బ్రౌన్ కదా నాన్నా, ఆకాశం బ్లూ కదా, మళ్లీ వెయ్యి" అన్నాను. బుద్ధిగా మళ్లీ వేశాడు. రెండు కొండలు, సూర్యుడు, నది. "వెరీ గుడ్" అని స్టార్ కూడా ఇచ్చాను.

పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు వాళ్ల అమ్మగారు బోర్డు చూసి, "ఇది మా వాడిదేనా మిస్? ఇంట్లో చూపించింది ఇది కాదే" అన్నారు. వాళ్లది గుంటూరు వైపు పల్లెటూరు. తాతగారు మిర్చి వేస్తారు. కాయ కోసి కల్లంలో ఆరబోస్తే కనుచూపు మేరా నేల కనబడదు, ఎరుపే కనబడుతుంది. బాబు పక్కనే ఉన్నాడు. "మరి ఆకాశం ఎందుకు ఎర్రగా వేశావు?" అని అడిగాను. "గాలి వస్తే ఘాటుకి కళ్లు మండుతాయి మిస్. అప్పుడు అన్నీ ఎర్రగానే ఉంటాయి" అన్నాడు. ఆ నల్లటి మనిషి ఎవరంటే తాతయ్యట. ఆ ఏడాది రేటు రాలేదు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట.

ఆ మొదటి కాగితం ఏదని అడిగాను. చించేశానన్నాడు.

ఈ సంగతి మా క్యాంపస్ డ్రాయింగ్ సార్‌తో చెప్పాను. ఆయన నన్ను తప్పుపట్టలేదు. "ఆ బాబు వేసినట్టే వేసినవాళ్లు వందేళ్ల కిందట జర్మనీలో ఉన్నారు మేడమ్. తీరికున్నప్పుడు రండి, మీరూ ఒకటి వేసి చూడండి" అన్నారు. అలా శనివారాలు సాయంత్రం నేను నేర్చుకున్నదే ఈ పాఠం.

ఎక్స్‌ప్రెషనిజం అంటే ఏమిటి?

తెలుగులో అభివ్యక్తివాదం అంటారు. మాట పెద్దదే కానీ విషయం చిన్నదే. కంటికి కనిపించిన దృశ్యాన్ని ఉన్నది ఉన్నట్టు దించడం ఒక పద్ధతి. ఆ దృశ్యం చూసినప్పుడు మనసుకి ఏమైందో అది కనిపించేలా రంగుని, ఆకారాన్ని, పరిమాణాన్ని మార్చి వేయడం ఇంకో పద్ధతి. ఈ రెండోదే ఎక్స్‌ప్రెషనిజం.

దీనికి దారి వేసినవాళ్లలో మన పిల్లలకి కూడా తెలిసిన పేరు వాన్ గో. ఆయన "స్టారీ నైట్" 1889 జూన్‌లో వేశారు. అప్పుడాయన ఫ్రాన్స్‌లోని సాన్ రేమీ ఊళ్లో మానసిక చికిత్సాలయంలో ఉన్నారు. కిటికీలోంచి కనిపించే దృశ్యమే దానికి ఆధారం, కానీ బొమ్మలో ఉన్న ఊరు ఆ కిటికీలోంచి కనిపించదు. ఆకాశం అలా సుడులు తిరగదు. అయినా ఆ బొమ్మని ఎవరూ తప్పు అనరు.

1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో నలుగురు ఆర్కిటెక్చర్ విద్యార్థులు కలిసి "డీ బ్రూకే" అనే బృందం పెట్టారు. ఆ మాటకి వంతెన అని అర్థం. కిర్చ్‌నర్, హెకెల్, ష్మిట్ రోట్లుఫ్, బ్లైల్ వాళ్ల పేర్లు. 1911లో మ్యూనిక్‌లో కాండిన్‌స్కీ, ఫ్రాంజ్ మార్క్ "బ్లూ రైడర్" బృందం మొదలుపెట్టారు. ఎక్స్‌ప్రెషనిజం అనగానే ముందుగా చెప్పే బృందాలు ఈ రెండే. వాటిలో మన పాఠానికి బాగా పనికొచ్చేది రెండో బృందానికి చెందిన ఒక మహిళ కథ.

మూర్నౌలో ఒక వేసవి

ఆమె పేరు గాబ్రియేలె మ్యూంటర్. 1877లో బెర్లిన్‌లో పుట్టారు. ఆ రోజుల్లో మ్యూనిక్ ఆర్ట్ అకాడమీలో ఆడవాళ్లకి ప్రవేశం లేదు. అందుకని "ఫాలాంక్స్" అనే ప్రైవేటు ఆర్ట్ స్కూల్లో చేరారు. అక్కడ పాఠం చెప్పిన మాస్టారు కాండిన్‌స్కీ. ఆయన సంగతీ చిత్రమే. రష్యాలో న్యాయశాస్త్రం చదివి, దాదాపు ముప్ఫై ఏళ్ల వయసులో అది వదిలేసి బొమ్మలు నేర్చుకోవడానికి 1896లో మ్యూనిక్ వచ్చినవారు.

1908 వేసవిలో మ్యూంటర్, కాండిన్‌స్కీ, వాళ్ల స్నేహితులు యావ్‌లెన్‌స్కీ, వెరెఫ్కిన్, ఈ నలుగురూ మ్యూనిక్‌కి దక్షిణాన ఆల్ప్స్ పర్వతాల దగ్గరున్న మూర్నౌ అనే చిన్న ఊరికి వెళ్లి బొమ్మలు వేశారు. అంతకుముందు మ్యూంటర్ ప్యాలెట్ నైఫ్‌తో చిన్న చిన్న ముద్దలుగా రంగు పెట్టి, వెలుగు ఎలా పడితే అలా వేసేవారు. మూర్నౌలో పద్ధతి మారింది. చిన్న అట్టముక్కల మీద ఆయిల్ రంగులు, కొండ మొత్తానికి ఒకే నీలం, పచ్చికకి ఒకే పచ్చ, ఇంటికి ఒకే పసుపు, చుట్టూ ముదురు గీత. అద్దం వెనకవైపు రంగులు వేసే అక్కడి జానపద చిత్రకళ కూడా వాళ్లని బాగా ఆకర్షించింది. దాని గట్టి గీతలు, చదునైన రంగులు మ్యూంటర్ బొమ్మల్లో కనిపిస్తాయి. ఆ కొద్ది వారాల్లోనే తాను పెద్ద ముందడుగు వేశానని ఆమె తర్వాత రాసుకున్నారు.

ఆ రోజుల్లో ఆమె వేసిన ఒక బొమ్మలో యావ్‌లెన్‌స్కీ, వెరెఫ్కిన్ పచ్చటి గట్టు మీద విశ్రాంతిగా ఉంటారు. ముఖాల్లో కళ్లు లేవు, ముక్కు లేదు. అయినా ఆ ఇద్దరూ ఎంత తీరుబడిగా ఉన్నారో చూడగానే తెలుస్తుంది. ఏది వదిలేయాలో తెలిసిన చేయి అది.

తర్వాత కథ కూడా పిల్లలకి చెప్పదగ్గదే. 1937లో నాజీ ప్రభుత్వం ఇలాంటి బొమ్మలన్నిటినీ "దిగజారిన కళ" అని ముద్రవేసి, వెక్కిరించడానికే మ్యూనిక్‌లో ఒక ప్రదర్శన పెట్టింది. రంగులు నిజంలా లేవన్నది వాళ్ల ఆరోపణల్లో ఒకటి. మ్యూంటర్ తన బొమ్మల్ని, కాండిన్‌స్కీ వదిలివెళ్లిన బొమ్మల్ని మూర్నౌ ఇంటి నేలమాళిగలో దాచారు. యుద్ధం ముగిసేదాకా అవి అక్కడే ఉన్నాయి. 1957లో తన ఎనభయ్యో పుట్టినరోజు సందర్భంగా వెయ్యికి పైగా కళాఖండాలను మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియానికి ఇచ్చేశారు. ఈ రోజు ప్రపంచం చూస్తున్న బ్లూ రైడర్ బొమ్మల్లో ఎన్నో ఆమె దాచబట్టి మిగిలినవే.

ఇది చదివినప్పుడు నాకు ఆ చిరిగిన కాగితం గుర్తొచ్చింది.

ఆయిల్ కలర్స్ ఎందుకు?

పోస్టర్ కలర్, వాటర్ కలర్ నిమిషాల్లో ఆరిపోతాయి. ఆయిల్ కలర్ అంటే రంగు పొడిని అవిసె నూనెలాంటి ఆరే నూనెలో నూరిన ముద్ద. నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పలచటి పూత ఆరడానికే కొన్ని రోజులు, మందంగా వేస్తే వారాలు పడుతుంది. అంటే ఆలోచించుకోవడానికి, మనసు మార్చుకోవడానికి వ్యవధి ఉంటుంది. నచ్చకపోతే నైఫ్‌తో గీకేసి మళ్లీ వేయొచ్చు. బ్రష్ ఎటు కదిలితే ఆ జాడ అటే నిలిచిపోతుంది. కోపంగా లాగిన గీత కోపంగానే ఉంటుంది, నెమ్మదిగా లాగింది నెమ్మదిగానే. ఎక్స్‌ప్రెషనిస్టులకి ఇది నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

అయితే వయసు చూసుకోవాలి. ఐదో తరగతి లోపు పిల్లలకి ఆయిల్ పేస్టల్స్ చాలు. ఆరు, ఏడు తరగతుల వాళ్లకి కూడా వాటితోనే మొదలుపెట్టండి. ఎనిమిదో తరగతి నుంచి, పెద్దవాళ్లు పక్కన ఉంటే, ట్యూబ్ ఆయిల్ కలర్స్ ఇవ్వొచ్చు. కింద చెప్పిన మెట్లు రెండిటికీ దాదాపు ఒకటే.

కావలసినవి

పెద్ద సెట్ కొనక్కర్లేదు. స్టూడెంట్ గ్రేడ్‌లో ఆరు ట్యూబులు చాలు: టైటానియం వైట్, ఒక పసుపు, ఒక ఎరుపు, అల్ట్రామెరీన్ బ్లూ, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా. మిగతా రంగులు వీటిలోంచే వస్తాయి. నలుపు కావాలంటే అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలపండి. ట్యూబ్‌లోని నలుపు కన్నా లోతుగా ఉంటుంది.

పది అంగుళాలు, పన్నెండు అంగుళాల క్యాన్వాస్ బోర్డు ఒకటి. గట్టి వెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు మూడు, వేర్వేరు సైజుల్లో. ఒక ప్యాలెట్ నైఫ్. పాత కాటన్ గుడ్డలు ఎక్కువగా. చిన్న సీసాలో అవిసె నూనె. ప్యాలెట్‌గా పాత పింగాణీ ప్లేటు పనికొస్తుంది, కానీ ఆ తర్వాత దాన్ని మళ్లీ వంటింట్లోకి తేవద్దు.

ఏడు మెట్లు

నేను వేసిన బొమ్మనే ఉదాహరణగా చెబుతాను.

1. చోటు, ఒక వాక్యం. నిజంగా చూసిన చోటే ఎంచుకోవాలి. అమ్మమ్మగారి ఊరి చెరువు కావచ్చు, బాల్కనీలోంచి కనిపించే వాటర్ ట్యాంకులు కావచ్చు. దాని గురించి ఒక్క వాక్యం రాయమనండి, ఇంగ్లిష్‌లో అయినా తెలుగులో అయినా సరే. "అందంగా ఉంది", "బ్యూటిఫుల్" అనే మాటలు మాత్రం వాడకూడదు. నేను ఎంచుకుంది స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి కనిపించే మా స్కూల్ గ్రౌండ్. నా వాక్యం: "బస్సులన్నీ వెళ్లిపోయాక గ్రౌండ్ ఒక్కసారిగా పెద్దదైపోతుంది."

2. అగ్గిపెట్టంత బొమ్మలు. పెన్సిల్‌తో నాలుగు చిన్న స్కెచ్‌లు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. వాక్యం ఏం చెబుతోందో దాన్ని బట్టి ఏది పెంచాలి, ఏది తగ్గించాలి, ఏది వదిలేయాలి అని తేల్చుకోవాలి. నా మొదటి స్కెచ్‌లో కాంపౌండ్ వాల్, గేటు, వాటర్ ట్యాంక్ అన్నీ ఉన్నాయి. నాలుగోదానికి వచ్చేసరికి మూడొంతులు ఖాళీ నేల, పైన సన్నటి ఆకాశం, మూలన ఒక చిన్న వేప చెట్టు మిగిలాయి.

3. బోర్డుకి పునాది రంగు. తెల్లటి బోర్డు మీద ప్రతి రంగూ ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. అందుకని ముందు రోజే ఎల్లో ఓకర్‌నో బర్న్ట్ సియెన్నానో పలచగా పూసి ఆరనివ్వాలి. దీనికి యాక్రిలిక్ రంగు వాడితే త్వరగా ఆరుతుంది. యాక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద యాక్రిలిక్ మాత్రం వేయకూడదు, సరిగ్గా అంటుకోదు.

4. ముందు లేత, ముదురు. ఈ మెట్టు దాటేస్తే బొమ్మ నిలబడదు. కళ్లు సగం మూసి దృశ్యాన్ని చూస్తే వివరాలు పోయి మూడే మిగులుతాయి: లేత, మధ్యరకం, ముదురు. వాటి హద్దులు పలచటి రంగుతో బోర్డు మీద గీయాలి. ఆకాశం ఏ రంగులోనైనా ఉండొచ్చు, కానీ ఎక్కడ వెలుగు, ఎక్కడ నీడ అన్నది తేలిపోవాలి. పరీక్షించడానికి సులువైన దారి ఉంది. వేస్తున్న బొమ్మని ఫోన్‌తో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. అంతా ఒకే బూడిదరంగులా కనిపిస్తే ఇంకా పని ఉన్నట్టే.

5. రంగుల నిర్ణయం. బొమ్మలో ఎక్కువ భాగం ఒకే కుటుంబం రంగులు, కొద్ది చోట మాత్రం దాని ఎదురు రంగు. ఎరుపుకి ఆకుపచ్చ, నీలానికి నారింజ, పసుపుకి ఊదా ఎదురు రంగులు. పక్కపక్కన పెడితే ఒకదాన్ని చూసి ఇంకొకటి రెచ్చిపోతుంది. రెండూ సగం సగం ఉంటే కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. నా గ్రౌండ్ నిజానికి మట్టి రంగే. సాయంత్రపు ఖాళీతనం కోసం దాన్ని నీలం, ఊదా కలిపి వేశాను. చెట్టు వెనక మాత్రం ఒక నారింజ చార.

6. పూత. పలచగా మొదలుపెట్టి మందంగా ముగించాలి. కింది పూతలో నూనె తక్కువ, పైపూతలో ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పైపొర ముందు ఆరిపోయి, కింది పొర ఇంకా కదులుతూ ఉండటంతో తర్వాత పగుళ్లు వస్తాయి. పిల్లలకి చెప్పడం సులువే: మొదటి పూతకి ట్యూబ్‌లోని రంగునే నూనె కలపకుండా పలచగా రుద్దడం, పైన వేసేటప్పుడు ఒకటి రెండు చుక్కల నూనె కలపడం.

నా మొదటి బొమ్మ చెడింది ఇక్కడే. ఒకే బ్రష్‌తో ఊదా, నారింజ, పచ్చ అన్నీ వేసుకుంటూ పోయాను. గంటలో బోర్డంతా బురద. సార్ చూసి నవ్వి, "వేయడం తర్వాత నేర్చుకుందురు మేడమ్, ముందు తుడవడం నేర్చుకోండి" అన్నారు. రంగు మారిన ప్రతిసారీ బ్రష్‌ని గుడ్డతో తుడవాలి. తడి రంగు మీద తడి రంగు పెట్టేటప్పుడు ఒక్కసారి పెట్టి చేయి తీసేయాలి. అదే చోట రుద్దుతూ ఉంటే బురదే మిగులుతుంది. బ్రష్ ఎటు కదలాలన్నది కూడా ముందే అనుకోవాలి. గ్రౌండ్ పెద్దదని చెప్పాలి కాబట్టి నేను అడ్డంగా పొడుగ్గా లాగాను, చెట్టుకి పొట్టి పొట్టిగా.

7. ఆపడం. ప్రతి పదిహేను నిమిషాలకీ లేచి ఆరడుగులు వెనక్కి వెళ్లి చూడాలి. మొదట రాసిన వాక్యం మళ్లీ చదవాలి. బొమ్మ ఆ మాట చెబుతోందా? చెబితే ఆపేయడమే. చెప్పకపోతే ఎక్కడ అడ్డుపడుతోందో అక్కడ నైఫ్‌తో గీకేయాలి. చివర్లో కావాలంటే మ్యూంటర్‌లా ఒకటి రెండు చోట్ల ముదురు గీత. నా బొమ్మలో చివరికి తీసేసింది గేటుని. బాగా వేశానని దాచుకుంటూ వచ్చాను కానీ అది ఉన్నంతసేపూ గ్రౌండ్ పెద్దది కాలేదు.

ఇంట్లో జాగ్రత్తలు

టర్పెంటైన్ వాడకండి. దాని ఆవిరికి తలనొప్పి, కళ్ల మంట వస్తాయి, ఉబ్బసం ఉన్న పిల్లలకి అసలు మంచిది కాదు. బ్రష్‌ని గుడ్డతో తుడిచి, వంటనూనెలో ముంచి మళ్లీ తుడిచి, చివర్లో సబ్బుతో కడిగితే సరిపోతుంది. సబ్బుతో కడగడం మానొద్దు. వంటనూనె బ్రష్‌లో మిగిలితే తర్వాత వేసే రంగు ఆరదు.

అన్నిటికన్నా ముఖ్యం: అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలు కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోక, నిప్పు తగలకుండానే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, విడివిడిగా పరిచి, ఆరుబయట పూర్తిగా ఆరాకే పారేయండి.

ట్యూబ్ మీది లేబుల్ చదవండి. సీసం, కాడ్మియం, కోబాల్ట్ ఉన్న రంగులు పిల్లలకి వద్దు. "కాడ్మియం రెడ్ హ్యూ" అని ఉంటే సాధారణంగా అందులో కాడ్మియం బదులు వేరే రంగు పదార్థం ఉంటుంది. కిటికీలు తీసి ఉంచండి, రంగులు వేస్తూ తినడం వద్దు, పని అయ్యాక చేతులు కడిగించండి. మిగిలిన రంగుని సింకులో పోయకండి, గుడ్డతో తుడిచేయండి.

పిల్లల బొమ్మ చూసినప్పుడు

"ఇదేంటి, చెట్టు నీలంగా ఉందేంటి?" అనే మాట నోటి దాకా వస్తుంది. నాకు ఇప్పటికీ వస్తుంది. దాని బదులు ఈ మూడు ప్రశ్నలు అడిగి చూడండి.

"ఇది ఎక్కడ? నువ్వు ఎక్కడ నిలబడి చూశావు?"
"ఈ రంగు ఎందుకు ఎంచుకున్నావు?"
"ఏదైనా కావాలని వదిలేశావా?"

మూడిటికీ ఏదో ఒక జవాబు ఉంటే అది ఆలోచించి వేసిన బొమ్మ. "ఊరికే" అన్నది జవాబైతే తిట్టక్కర్లేదు, ఇంకోసారి ఆ చోటు చూసి రమ్మనండి. ఎక్స్‌ప్రెషనిజం అంటే ఏది పడితే అది వేయడం అనుకుంటారు కొందరు. పైన చెప్పిన ఏడు మెట్లలో ప్రతి మెట్టూ ఒక నిర్ణయమే, ప్రతి నిర్ణయానికీ ఒక కారణం ఉండాలి.

దీనివల్ల మార్కులు వస్తాయా అని కొందరు అడుగుతారు. యూనిట్ టెస్ట్‌లో దీనికి మార్కులు లేవు. నా క్లాసులో చూసిన మార్పు ఒక్కటి మాత్రం చెప్పగలను. బొమ్మకి ముందు వాక్యం రాయడం మొదలుపెట్టాక, "మై విలేజ్" ఎస్సేలో "మా ఊరు చాలా అందంగా ఉంటుంది" అనే లైన్ తగ్గింది. ఒక పాప వాళ్ల ఊరి బస్టాండ్‌లో ఎప్పుడూ సగం కాలిన మొక్కజొన్న వాసన వస్తుందని రాసింది. ఆ వాక్యం ఏ గైడ్‌లోనూ లేదు.

ఆ బాబు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఈ సెలవుల్లో తాతగారి కల్లాన్ని మళ్లీ వేశాడు, ఈసారి ఆయిల్ కలర్స్‌తో. నేల ఎర్రగానే ఉంది. ఆకాశం మాత్రం వెలిసిపోయిన ఆకుపచ్చ. ఎందుకు మార్చావని అడిగాను. "అంతా ఎరుపైతే మంట తెలియట్లేదు మిస్. ఆకుపచ్చ పెట్టాకే ఎరుపు మండుతోంది" అన్నాడు. నల్లటి మనిషి ఈసారి మధ్యలో లేడు, అంచున ఉన్నాడు. పక్కన ఇంకో చిన్న మనిషి ఉన్నాడు. అదెవరని నేను అడగలేదు.

ఆ బొమ్మని డిస్‌ప్లే బోర్డు కోసం అడిగాను. ఇవ్వలేదు. అది తాతగారి ఇంట్లో గోడకి ఉందట.

వచ్చే మీటింగ్‌కి వచ్చేటప్పుడు మీ పిల్లలు ఇంట్లో వేసిన బొమ్మ ఒకటి తీసుకురండి. ఆకాశం ఏ రంగులో ఉన్నా సరే. పూర్తిగా ఆరాకే సంచిలో పెట్టండి, లేకపోతే మీ చీరలకీ చొక్కాలకీ కూడా కొంచెం ఎక్స్‌ప్రెషనిజం అంటుకుంటుంది.